మూడో నంబరు సీసా

మనిషి తాను ఎక్కిన బస్సు కంటే ముందు ఊరు చేరలేడు. బుధవారం పదిన్నరకు నల్లగొండ కాలేజీ వరండా మెట్లెక్కుతున్న డిటెక్టివ్ సైదులు మనసులో ఆ ఒక్క మాటే తిరుగుతోంది.

ప్రొఫెసర్ జానయ్య సోమవారం ఉదయం ఆరింటి బస్సుకు హైదరాబాదులో ఎక్కాడు. ఆ బస్సు నార్కట్‌పల్లి చేరేసరికి ఎనిమిదీ నలభై అయిందని కండక్టరు ట్రిప్పు చీటీ చూపించి మరీ చెప్పాడు. అక్కడ బస్సు మారి పన్నెండు మైళ్లు వస్తేగాని నల్లగొండ రాదు. కానీ నల్లగొండ ముసాఫిర్ బంగ్లా రిజిస్టర్లో సోమవారం ఎనిమిది గంటలకే 'ప్రొఫెసర్ జానయ్య, పరీక్షాధికారి' అని దర్జాగా సంతకం ఉంది.

నిన్న మధ్యాహ్నం ప్రొఫెసరు భార్య శ్యామలమ్మ సైదులు ఆఫీసుకు వచ్చింది. పీయూసీ పిల్లలకు బయాలజీ ప్రాక్టికల్ పరీక్ష పెట్టడానికి వెళ్లిన భర్త, చేరగానే ఇచ్చే టెలిగ్రాం ఈసారి ఇవ్వలేదు.

"ఆయనకు చక్కెర జబ్బు సారూ. పన్నెండేండ్ల సంది పొద్దున ఒక సూది, మాపటీలి ఒక సూది. పూట తప్పిందంటే మనిషి నిలువడు" అంది. ఒడిలోని చేతిరుమాలు పేలికలయ్యేలా నలిగింది.

ఈ ఉదయం తొమ్మిదింటికి సైదులు ముసాఫిర్ బంగ్లాకు వెళ్లాడు. కాపలాదారు సర్దార్ సంతోషంగా చెప్పాడు. "సాబ్ మంచి మనిషి. చాయల మూడు చెంచాల చక్కెర ఏస్కుంటడు. నిన్న రెండుసార్లు జిలేబీ తెప్పిచ్చుకున్నడు." గదిలో మంచం కింద తోలుసంచి ఉంది. సంచిలో థర్మాస్ ఫ్లాస్కు, ఫ్లాస్కులో మూత తీయని ఇన్సులిన్ సీసా, పక్కన బట్టలో చుట్టిన సూది. రెండు రోజులుగా వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఆ ఫ్లాస్కు, సూది ఇప్పుడు సైదులు చేతిసంచిలో ఉన్నాయి.

వరండాలో ఎదురొచ్చిన మనిషిని చూడగానే సైదులు నవ్వాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గాలయ్య నవ్వలేదు. ఇద్దరూ ఒకే ఏడాది పోలీసు ఉద్యోగంలో చేరారు. సైదులు పట్టిన ఒక దొంగ గాలయ్య పేరు మీద కాగితాలకెక్కాడు. ఆ కోపంతోనే సైదులు యూనిఫాం వదిలేశాడు.

"నువ్వొస్తవని తెలుసు" అన్నాడు గాలయ్య. "ఆయమ్మ నాకు గూడ టెలిగ్రాం కొట్టింది. వచ్చి చూసిన. ప్రొఫెసరు లోపల రాయి లెక్క కూసున్నడు. యూనివర్సిటీ ఉత్తరం ఉంది, ముద్ర ఉంది. ఇంకేం గావాలె?"

"ఉత్తరం ఎవని జేబులుంటే వాడు ప్రొఫెసరు అయితడా గాలయ్యా?"

"సాయంత్రం నాలుగింటి బస్సుకు ఆయమ్మ వస్తాంది. ఆమెనే చూసి చెప్తది. గప్పటిదాంక నువ్వు పోయి చాయ తాగు."

"నాలుగింటికి లోపలున్నోడు నల్లగొండల ఉండడు. ఒంటిగంట బస్సుకు టికెట్ కొనుక్కున్నడని బంగ్లా కాపలాదారు చెప్పిండు. ఇగ అసలు ప్రొఫెసరు సంగతంటవా, సూది లేక ఇది మూడో రోజు. నాలుగింటికి ఆయన బతికుంటడని నువ్వు కాగితం రాసిస్తవా?"

గాలయ్య మీసం సవరించుకున్నాడు. వెనక నుంచి ప్రిన్సిపాల్ నర్సింహాచారి గబగబా వచ్చాడు. బయాలజీ పాఠం చెప్పేది కూడా ఆయనే. "ఏం గొడవ? లోపల వైవా నడుస్తున్నది. పిల్లలు భయపడ్తరు" అన్నాడు. ఆయన నుదుటి మీద చెమట చూసి, మార్చి నెల ఎండకు ఇంత చెమటా అనుకున్నాడు సైదులు.

"భయపడే పిల్లలతోటే మాట్లాడ్త" అని పక్కకు తిరిగాడు.

వరండా చివర ఒక అమ్మాయి గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఏడ్చి ముగించిన కళ్లు. చేతిలో రికార్డు పుస్తకం. పేరు జాహేదా. వాళ్ల ఇంట్లో కాలేజీ మొహం చూసిన మొదటి ఆడపిల్ల. డాక్టరీ సీటు కోసం చదువుతోంది. ఈ ప్రాక్టికల్లో మార్కులు పోతే ఆ సీటు పోయినట్టే.

"వైవాల ఏం అడిగిండమ్మా?" అన్నాడు సైదులు.

"ఏం అడగలే సార్. తిట్టిండు. నిన్న మాకు పది సీసాలు పెట్టిండ్రు. సీసాల ఏ జీవి ఉన్నదో చూసి, నంబరు ముంగట పేరు రాయాలె. నాకు పదికి సున్నా అంట."

"పదికి పదీ తప్పు రాసినవా?"

ఆ మాటకు జాహేదా తల ఎత్తింది. "ఒక్కటి గూడ తప్పు రాయలే. మూడో నంబరు సీసాల స్టార్ ఫిష్ ఉండె. ఐదు చేతులు, నడుమ నోరు. చిన్నపోరని అడిగినా చెప్తడు. గా సారేమో 'మూడోది వానపాము. వానపాముకు, నక్షత్ర చేపకు తేడా తెల్వదా' అని అందరి ముంగట నవ్విండు. నాకొక్కదానికే గాదు, పద్నాలుగు మందిల పదముగ్గురికి సున్నా."

"పద్నాలుగోవాడు ఎవరు?"

"కంట్రాక్టర్ పుల్లయ్య కొడుకు. వానికి పదికి పది. సార్, వాడు ఏడాదంత లాబు మొహం చూడలే."

సైదులు చేతిగడియారం చూసుకున్నాడు. పదీ యాభై. సరిగ్గా పదకొండింటికి చాయ కోసం వైవా ఆపుతారని జాహేదా చెప్పింది. పది నిమిషాలు చాలు.

లాబు తలుపు తోస్తే ఫార్మలిన్ వాసన ముక్కుకు గుచ్చింది. ఎదురుబదురుగా రెండు బల్లలు. ఒకటి కిటికీ పక్కన, ఒకటి గోడ పక్కన. కిటికీ బల్ల మీద సుద్దముక్కతో ఒకటి నుంచి ఐదు వరకూ, గోడ బల్ల మీద ఆరు నుంచి పది వరకూ అంకెలు వేసి ఉన్నాయి. ప్రతి అంకె మీదా ఒక సీసా. మూడో అంకె మీద, జాహేదా చెప్పినట్టే, ఐదు చేతుల నక్షత్ర చేప తెల్లగా నిల్చి ఉంది. సైదులు గోడ బల్ల దగ్గరికి నడిచాడు. ఎనిమిదో అంకె మీద వానపాము.

అంకెలు బల్ల మీద ఉన్నాయి, సీసాల మీద లేవు. ఆ సంగతి గమనించగానే సైదులు మునివేళ్లతో బల్ల మీద చిన్నగా తాళం వేశాడు. కిటికీ బల్ల దగ్గరికొచ్చి, మూడో అంకె మీది సీసాను పక్కకు జరిపి వంగి చూశాడు. అక్కడ చెక్క మీద గుండ్రటి తడి మరక ఆరిపోయి ఉంది. జరిపిన సీసా అడుగు కంటే ఆ మరక రెండు వేళ్లు చిన్నది. ఎనిమిదో అంకె దగ్గరున్న వానపాము సీసా తెచ్చి మరక మీద పెట్టాడు. గీసినట్టు సరిపోయింది.

"లాబుల పనిచేసేది ఎవరు?"

మూల నుంచి గుర్వయ్య వచ్చాడు. అరవై ఏళ్ల అటెండరు. చేతులు ఫార్మలిన్‌కు తెల్లబారి ముడతలు పడ్డాయి.

"గుర్వయ్యా, ఈ సీసాలు జరిపినవా?"

ముసలాయన గతుక్కుమన్నాడు. "తప్పయిందా అయ్యా? సోమవారం సాయంత్రం ప్రిన్సిపాల్ సారే సర్ది, నంబర్లేసి పోయిండు. మంగళవారం పొద్దుగాల ఎండ సక్కగ కిటికీ బల్ల మీద పడ్తాంది. ఎర్రల సీసా, గదే వానపాముది, ఎండకు రంగు పోతదని భయమైంది. ఈ ఐదు ఆడికి, ఆ ఐదు ఈడికి మార్చిన. పిల్లలు చూసి రాసేటిదే గద, ఏ నంబరు మీద ఏదుంటే ఏంది అనుకున్న."

"ఎవరికన్న చెప్పినవా?"

"చెప్పేదేముంది? కండ్లున్నోనికి కనపడ్తది గద."

సైదులు ఆ ముసలాయన భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు చేసిన పని ఈ జిల్లా పోలీసులంత గలిసినా చెయ్యలేకపోయేటోళ్లు. ఒక గాజు పళ్లెం, ఆ ఎనిమిదో నంబరు ఎర్ర బయటికి తియ్యి. మూడో నంబరు సీసా ఉన్నదున్నట్టే గీ పాత కాయితంల చుట్టు."

పదకొండూ ఐదుకు వైవా గది తలుపు తీసుకొని సైదులు లోపలికి వెళ్లాడు. వెనకే గాలయ్య. తలుపు దగ్గర పిల్లలు మూగారు. ప్రిన్సిపాల్ గోడ పక్కన నిలబడ్డాడు.

కుర్చీలో కూర్చున్న మనిషి నిజంగానే ప్రొఫెసరులా ఉన్నాడు. ముదురు రంగు కోటు, కణతల దగ్గర నెరసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. చాయ కప్పులో చక్కెర కలుపుతున్న చెయ్యి ఆపి, నిండు గొంతుతో అన్నాడు. "ఎవరు మీరు? పరీక్షా సమయంలో ఈ చొరబాటు ఏమిటి?"

"నా పేరు సైదులు సార్. బయాలజీల రెండుసార్లు తప్పినోన్ని" అన్నాడు సైదులు, ఎంతో వినయంగా. "మా కాలంల ఉర్దూల చదివినం. మూడోసారి గట్టెక్కిన గని, ఒక్క అనుమానం మిగిలిపోయింది. మీ అసొంటి పెద్దలు మళ్ల దొరకరు." పళ్లెం బల్ల మీద పెట్టాడు. అందులో జానెడు వానపాము. "ఇది మగదా సార్, ఆడదా?"

తలుపు దగ్గర పిల్లల్లో ఎవరో ఊపిరి గట్టిగా పీల్చారు.

కోటు మనిషి పట్టకారు అందుకున్నాడు. వానపామును వెలుతురుకు ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "ఆడది" అన్నాడు.

"ఎట్ల పోల్చిండ్రు సార్?"

"మెడ దిగువన ఈ మందపాటి పట్టీ చూడండి. ఇది ఆడవాటికే ఉంటుంది."

పిల్లలు ఒక్కసారిగా నవ్వారు. నవ్వు ఆపుకోలేక ఇద్దరు వరండాలోకి పరుగెత్తారు. గాలయ్య ఇటు చూసి అటు చూసి, "ఏంది? ఎందుకు నవ్వుతుండ్రు?" అన్నాడు.

"చెప్పమ్మా జాహేదా" అన్నాడు సైదులు.

"వానపాములల్ల మగది, ఆడది అని వేరే ఉండవు సార్. ఒక్కదాంట్లనే రెండూ ఉంటయి. ఆ పట్టీ, ఎదిగిన ప్రతి వానపాముకూ ఉంటది. పీయూసీ పుస్తకంల మొదటి పాఠాలల్లనే ఉంది."

కోటు మనిషి నవ్వేశాడు. నవ్వు కూడా గంభీరంగానే ఉంది. "హాస్యానికి అన్నానయ్యా! పిల్లలు కనిపెడతారో లేదో అని. ఇన్‌స్పెక్టరుగారూ, ఈ పెద్దమనిషిని బయటికి పంపించండి."

గాలయ్య అంత తేలిగ్గా కదిలే మనిషి కాదు. అలా అని మొండిగా కళ్లు మూసుకునేవాడూ కాదు. జాహేదా వైపు వంగి ఏదో అడిగాడు. ఆమె మెల్లగా జవాబు చెప్పింది. గాలయ్య నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "సార్, నేను గూడ ఒకటి అడుగుత. కప్ప గుండెల ఎన్ని గదులు?"

"ఇదేం ప్రశ్న? గుండెకు నాలుగు గదులని ఎవరికి తెలియదు?"

"నాలుగు మనకు. కప్పకు మూడే" అన్నాడు గాలయ్య. అని, తనకే ఆ సంగతి ఎప్పటి నుంచో తెలిసినట్టు సైదులు వంక చూశాడు. సైదులు మర్యాదగా తల వంచాడు.

"ఇంగ ఒక్కటే" అని కాగితం చుట్టిన సీసాను బల్ల మధ్యకు జరిపాడు. "ఇది లాబుల మూడో నంబరు మీదున్న సీసా. పదముగ్గురికి మీరు సున్నా వేసింది దీని మీదనే. రెండు రోజులు దాని పక్కనే తిరిగిండ్రు. ఇందుల ఏముంది?"

కోటు మనిషి చెయ్యి తనకు తెలియకుండానే కోటు లోపలి జేబు దాకా వెళ్లి ఆగింది. "వానపాము" అన్నాడు.

సైదులు కాగితం లాగేశాడు. గాజు వెనక ఐదు చేతులూ చాచుకొని నక్షత్ర చేప అందరినీ చూసింది.

ఈసారి పిల్లలు నవ్వలేదు. గాలయ్య రెండు అంగల్లో వెళ్లి ఆ కోటు జేబులో చెయ్యి పెట్టాడు. మడత పెట్టిన చీటీ బయటికొచ్చింది. ఒకటి నుంచి పది వరకూ పేర్లు. మూడు ఎదురుగా వానపాము, ఎనిమిది ఎదురుగా నక్షత్ర చేప.

"కండ్లతో చూసి మార్కులెయ్యలే. చీటీ చూసి ఏసిండు" అన్నాడు సైదులు. "గుర్వయ్య సీసాలు మార్చినంక సీసా చూసి రాసినోళ్లందరు తప్పు. చీటీ బట్టీ కొట్టినోడు ఒక్కడే కరెక్టు. ఇదే చీటీ కంట్రాక్టర్ పుల్లయ్య కొడుకు చేతికి గూడ పోయింది. ఇప్పుడు చెప్పు, ఎవలు నువ్వు?"

కోటు మనిషి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. కళ్లద్దాలతో పాటు గొంతులోని నిండుతనం కూడా పోయింది. పాలమూరు యాస బయటపడింది. "నేను నాటకాలల్ల వేషం గట్టెటోన్ని సారూ. రాజు వేషం, రుషి వేషం. పుల్లయ్య సేటు రెండు దినాలు ప్రొఫెసరు వేషం గట్టుమన్నడు. చీటీ చూసి మార్కులెయ్యి, గంతే అన్నడు."

"అసలు ప్రొఫెసరు ఏడి?"

"సోమవారం నార్కట్‌పల్లిల బస్సు దిగంగనే, కాలేజీ నుంచి వచ్చినమని జీపెక్కిచ్చుకున్నరు. ఆయన ఆడ దిగేదానికంటె ముందే నన్ను ఈడికి తోలిండ్రు. ఆయన సంచి, ఉత్తరం మధ్యాహ్నం నాకు తెచ్చిచ్చిండ్రు. నార్కట్‌పల్లి దారిల సేటు రాళ్ల క్వారీ ఉంది. ఆడ కొట్టంల పెట్టిండ్రు. కొట్టలే, తిట్టలే సారూ, మంచిగనే చూస్తున్నరు. నిన్న కండ్లు తిరిగి పడ్డడంట. ఆయాసం, నోట్లెకెల్లి మాగిన పండు వాసన. నీరసమని గంటకోసారి బెల్లం పానకం తాగిపిస్తున్నరు."

"పానకమా!" అంటూ జాహేదా బల్ల దగ్గరికి వచ్చింది. "సార్, ఒంట్ల ఇన్సులిన్ లేకుంటె ఆ చక్కెర నెత్తుర్లనే ఉండిపోతది. ఆ పండ్ల వాసన మా దాదీకి, గదే మా నాయనమ్మకు, ఒకసారి వచ్చింది. దవాఖానల ఒక్క పూట ఆలస్యమైతే దక్కకపోయేదన్నరు. ఆమెకు నేనే దినాం సూది ఏస్త. నన్ను తోల్కపోండ్రి."

గాలయ్య చీటీని కళ్లకు దగ్గరగా పెట్టుకొని, "ఇది ఎవరి చేతిరాత?" అన్నాడు.

అందరూ ఒకేసారి గోడ వైపు చూశారు. ప్రిన్సిపాల్ నర్సింహాచారి నిలబడ్డ చోటు ఖాళీగా ఉంది.

సైదులు ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాడు. కిటికీ రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. టెలిఫోను రిసీవరు కిందికి వేలాడుతోంది. అందుకొని ఎక్స్‌చేంజిని అడిగాడు. "ఈ నంబరు నుంచి ఇప్పుడు ఏడికి కలిపిండ్రు?"

"కంట్రాక్టర్ పుల్లయ్య ఇంటికి సార్. పదకొండూ పన్నెండుకు. రెండు నిమిషాలు మాట్లాడిండ్రు."

గడియారంలో పదకొండూ ఇరవై నాలుగు.

గాలయ్య అప్పటికే జీపు స్టీరింగు ముందు కూర్చున్నాడు. నకిలీ ప్రొఫెసరును కానిస్టేబుల్‌కు అప్పగించాడు. "సైదులూ, ఎక్కు. పాపను ఎన్క కూసుండవెట్టు" అన్నాడు. మొహం తిప్పకుండానే ఇంకో మాట అన్నాడు. "నాలుగింటిదాంక ఆగుమన్న. తప్పు నాదే."

"రోడ్డు చూసి నడుపు. తప్పులు తర్వాత చూసుకుందం" అన్నాడు సైదులు.

క్వారీ ఎనిమిది మైళ్లు. ఫ్లాస్కును రెండు మోకాళ్ల మధ్య బిగించుకొని కూర్చుంది జాహేదా. జీపు ఎగిరినప్పుడల్లా మూత మీద అరచెయ్యి నొక్కుతోంది. పదకొండూ నలభై ఐదుకు జీపు తారు రోడ్డు దిగి మట్టి దారి పట్టింది. ముందు ఏదో బండి వెళ్లిన దుమ్ము ఇంకా గాలిలోనే ఉంది. ఎవరో తమకంటే ముందు వచ్చారు. ఎంతో ముందు కాదు. సైదులుకు ధైర్యం కలిగింది. ఇంకా చేతిలో ఉంది పని.

మలుపు తిరగగానే ఒక ఆడమనిషి ఎర్ర గుడ్డ ఊపుతూ దారికి అడ్డం వచ్చింది. గాలయ్య బ్రేకు తొక్కాడు.

"ముంగటికి పోవద్దు సారూ! బండ పగలగొట్టే మందు తూటాలు పేలుస్తుండ్రు" అని అరిచింది. పేరు మారెమ్మ, క్వారీలో రాళ్లు కొడుతుంది. చెవుల్లో దూది కుక్కుకొని ఉంది. లోపలి నుంచి పొడుగాటి విజిల్ వినిపించింది.

"పేల్చేది పొద్దుగూకినంక గద?" అన్నాడు గాలయ్య.

"దినాం గట్లనే. ఇయ్యాల సేటు ఇప్పుడే ఉరికొచ్చి, మధ్యాన్నమే పేల్చుమన్నడు. మమ్ములనందర్ని బయటికి ఎల్లగొట్టిండు. మూడు విజిల్లయితే అంటిస్తరు. ఇది రెండోది."

సైదులు జీపులోంచి కిందికి దూకాడు. కోసిన గుట్ట కింద, రాళ్ల నీడలో రేకుల కొట్టం కనిపిస్తోంది. తలుపుకు బయటి నుంచి గొళ్లెం.

"ఆ కొట్టంల ఎవలున్నరమ్మా?"

"ఎవ్వరు లేరు సారూ" అంది మారెమ్మ. "సేటే సొంతంగ లోపలికి పోయి చూసొచ్చిండు. ఎవ్వరు లేరు, అంటియ్యుండ్రని చెప్పిండు."

గాలయ్య పిస్తోలు తీసి ఆకాశంలోకి కాల్చి, "ఆపుండ్రి! పోలీస్!" అని గుట్ట అదిరేలా అరిచాడు. ఆ అరుపు సగంలో ఉండగానే సైదులు ఎర్ర గుడ్డ దాటి, కొట్టం వైపు పరుగు అందుకున్నాడు.

మూడో విజిల్ మోగింది.